గవర్నరమ్మ మొక్కిన కొండ

మొన్న శుక్రవారం ఎదురింటి కోడలు స్టీలు గిన్నెలో చక్కెర పొంగలి తెచ్చి ఇచ్చింది. మూత తీయగానే పచ్చకర్పూరం వాసన హాలంతా పరుచుకుంది. జీడిపప్పు కూడా చెయ్యి వెనక్కి తీయకుండా వేశారు. పొద్దున్నే ఇంటిల్లిపాదీ కారేసుకుని చిత్తూరు దారిలో ఒక అమ్మవారి కొండకు పోయి వచ్చారట. ఊరి పేరు చెప్పి, "చానా మహిమ గల తల్లంట ఆంటీ. ఎనకటికి ఎవురో గవర్నరమ్మ వచ్చి, కిందనే నిలబడుకోని చెప్పులిడిసి కొండకు మొక్కిందంట. ఆయమ్మ మొక్కినాకనే గుడి బయటపడిందంట. ఆడ బోర్డు మీద రాసిపెట్టినారు" అంది. నేను గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. "ఏం ఆంటీ, షుగరేమన్నా ఉండాదా మీకు?" అని అడిగింది పాపం. ఉందన్నాను. నాకు షుగరు లేదు. ఆ కొండ విషయంలో నేనాడిన అబద్ధాలలో ఇది ఐదోది. మొదటి నాలుగింటి సంగతి ఈ వయసులోనైనా చెప్పుకోకపోతే ఆ పొంగలి నాకు అరిగేట్టు లేదు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. ఏ సంవత్సరమని అడక్కండి, చెబితే ఆ ఊరివాళ్లు వేళ్లు మడిచి లెక్కేసి నన్ను పట్టుకుంటారు. ఎర్ర బస్సులో చిత్తూరుకు టికెట్ ముప్పావలా ఉన్న రోజులు అనుకోండి, చాలు. చిత్తూరు నుంచి తిరుపతికి పోయే దారిలో ఒక చిన్న ఊళ్లో ఆడపిల్లల బడి, దానికి అంటుకునే హాస్టలు. అందులో నేను హిందీ పండిట్‌ని, అదీ టెంపరరీ. మా నాయన చిత్తూరులో మామిడికాయల మండీలో గుమాస్తా. బొంబాయి నుంచి వచ్చే సేట్లు తమలో తాము హిందీలో ఏమనుకుంటున్నారో తెలియక మండీవాళ్లు మోసపోతున్నారని ఆయన బాధ. ఆ బాధ తీర్చడానికి నన్ను హిందీలో వేశారు. నేను పరీక్ష మీద పరీక్ష రాసి పండిట్‌నయ్యాను కానీ, హిందీ ఇంట్లో మాట్లాడుకునే మనిషితో ఎన్నడూ మాట్లాడింది లేదు. తిరుపతి బస్టాండులో గుండ్లు చేయించుకుని దారి అడిగే ఉత్తరాది యాత్రికులే నాకు ప్రాక్టీసు. వాళ్లు అలిపిరికి దారి అడిగితే నేను తులసీదాసు కాలంనాటి మాటలతో జవాబు చెప్పేదాన్ని. వాళ్లు చేతులెత్తి నమస్కారం పెట్టి, పక్కనున్న రిక్షావాణ్ణి మళ్లీ అడిగేవాళ్లు.

హాస్టల్లో అరవై మంది పిల్లలు. వంటా, కాపలా, జ్వరమొస్తే తడిగుడ్డ వేయడం, అన్నీ ఒక్క ఆయానే. ఆ ఆయాను పిల్లలతో పాటు నేనూ పెద్దమ్మా అనేదాన్ని. సన్నగా, చింతబరికెలాగా ఉండేది. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఈ అరవై మందే బిడ్డలు. ఆ హాస్టలుకు గోడలున్నాయి, గేటు ఉంది, గేటు మీద అర్ధచంద్రాకారంలో పేరుంది. మరుగుదొడ్డి మాత్రం లేదు. వెనకాలే గుండ్రాళ్ల కొండ ఒకటి ఉండేది. రోజూ కోడి కూయకముందే పెద్దమ్మ ఒక చేత లాంతరు, ఒక చేత దుడ్డుకర్ర పట్టుకుని పిల్లలను వరసగా ఆ కొండమీదికి తోలుకుపోయి, వెలుతురు రాకముందే తోలుకొచ్చేది. పగలు అవసరమైతే ఓర్చుకోవాల్సిందే. అందుకని పెద్ద పిల్లలు మధ్యాహ్నం నీళ్లు తాగేవాళ్లు కాదు. ఆ ఏడు వానల్లో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి చీకట్లో పాచిరాయి మీద కాలు జారి పడింది. నా క్లాసులో హిందీ పాఠం తడుముకోకుండా చదివే పిల్ల అదొక్కతే. కాలు విరిగితే వాళ్ల నాయన భుజాన వేసుకుని పుత్తూరు కట్టుకు తీసుకుపోయాడు. కట్టు బాగానే కుదిరింది. పిల్లను మాత్రం మళ్లీ బడికి పంపలేదు.

అలాంటి రోజుల్లో గవర్నరుగారు మా బడికి వస్తున్నారని కబురు వచ్చింది. గవర్నరుగారంటే ఆడమనిషి. మా జిల్లాలో అదే పెద్ద వింత. ఉత్తరాది ఆవిడ, నేత చీర తప్ప కట్టరట, ఎక్కడికి పోయినా వేదిక దగ్గరికి కాక ముందు వంటింటికి పోతారట, అధికారులు రాసిచ్చిన కాగితాన్ని పక్కన పెట్టి ఆయాలనూ నర్సులనూ తోటవాళ్లనూ అడుగుతారట, చిన్న నోటుబుక్కులో పెన్సిలుతో స్వయంగా రాసుకుని మరిచిపోకుండా ఉత్తరం రాస్తారట. ఈ మాటలు విని మా హెడ్మిస్ట్రెస్ గారికి రెండు రోజులు నిద్రలేదు. బడీ హాస్టలూ రెండూ ఆవిడ చేతికిందివే. చెడ్డమనిషేం కాదు, భయస్తురాలు. నాలుగు మరుగుదొడ్ల కోసం ఆఫీసులకు కాగితాలు రాసి రాసి, ఎక్కువ రాస్తే మీద పడతారని మానేసిన మనిషి. నన్ను పిలిచి, "ఏమ్మా, గవర్నరమ్మకు హిందీలో చెప్పాల్సింది నువ్వే. నాకు నమస్తే తప్ప రాదు. మంచిగా చెప్పు. నిన్ను పర్మనెంటు చేయమని రాసిన కాగితం నా బల్ల మీదనే ఉండాది, సంతకం పెట్టేదే తక్కువ" అన్నారు. ఆవిడ బెదిరించలేదు, ఉన్నమాటే చెప్పారు. నేనే దాన్ని బెదిరింపుగా విన్నాను.

ఇక సున్నం మొదలైంది. గోడలకు కొట్టారు, చెట్ల మొదళ్లకు కొట్టారు, బావి గట్టుకు కొట్టారు. ఇంకా ఒక బక్కెట్టు మిగిలింది. అప్పుడు హెడ్మిస్ట్రెస్ గారికి కొండ గుర్తుకొచ్చింది. గవర్నరుగారు వంటింటి వాకిట్లో నిలబడితే ఎదురుగా కనిపించేది కొండే. ఆ రోజు పొద్దున ఊళ్లోవాళ్లెవరైనా చెంబు పట్టుకుని ఆ పక్కకు వస్తే? మా బడి వాచ్‌మన్ ఉపాయం చెప్పాడు. మనవైపు గోడ పక్కన ఎవరూ నిలబడకుండా ఉండాలంటే ఏం చేస్తారు? సున్నమూ ఎర్రమన్నూ పట్టెలు పట్టెలుగా కొడతారు. పట్టెలు చూస్తే ఎంత తాగినవాడైనా అక్కడ పంచె ఎత్తడు, దేవుడని దండం పెట్టి పక్కకు పోతాడు. అలా కొండ కిందనుంచి నడుం దాకా పెద్ద పెద్ద గుండ్లన్నిటికీ తెల్లపట్టె, ఎర్రపట్టె, మళ్లీ తెల్లపట్టె కొట్టించారు. చూడడానికి కొండ పండగచొక్కా తొడుక్కున్నట్టుంది. ఆ పొద్దున మా పిల్లలు ఏం చేశారో, ఎంత దూరం పోయారో నేను అడగలేదు.

గవర్నరుగారు చెప్పిన వేళకే వచ్చారు. వేసిన పూలదండ తీసి ముందు వరసలో ఉన్న చిన్నపిల్ల మెడలో వేశారు. కలెక్టరుగారినీ పోలీసులనూ గేటు దగ్గరే ఉండమన్నారు. మగవాళ్ల ముందు ఆడపిల్లలు నోరు విప్పరని ఆవిడ మాట. వేదిక మీద పట్టుగుడ్డ పరిచిన కుర్చీని దాటుకుని నేరుగా వంటింట్లోకి నడిచారు. వెనక హెడ్మిస్ట్రెస్ గారు, ఆ వెనక నేను. నా భుజం మీద చెయ్యివేసి, "ఇవాళ నా చెవులూ నోరూ రెండూ నువ్వే బిడ్డా" అన్నారు హిందీలో. నా ఒళ్లు పులకరించింది. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది, కారణం వేరు.

వంటింట్లో పులిహోర, వడలు, మైసూరుపాకు తళతళలాడుతున్నాయి. గవర్నరుగారు వాటిని చూసి నవ్వి, "పిల్లలు నిన్న ఏం తిన్నారు?" అని అడిగారు. నేను తడబడ్డాను. పెద్దమ్మకు భాష తెలియకపోయినా ఆకలి అడిగే తీరు తెలుసు. తనకోసం మూలన దాచుకున్న రాగిసంగటి ముద్ద తీసి, పక్కన ఊరిబిండి పచ్చడి వేసి, సత్తుపళ్లెంలో పెట్టి ఇచ్చింది. హెడ్మిస్ట్రెస్ గారి ముఖంలో నెత్తురు లేదు. గవర్నరుగారు నేలమీద మఠం వేసుక్కూర్చుని, ఆ ముద్దలో సగం తిన్నారు. ఊరిబిండి కారానికి కళ్లలో నీళ్లొచ్చినా వదల్లేదు. చెయ్యి కడుక్కుని పెన్సిలు తీశారు. "నీకోసం కాదు, ఈ పిల్లలకోసం ఏం కావాలో చెప్పు" అన్నారు. నేను ఆ మాట మాత్రం సరిగ్గానే తెలుగు చేశాను.

తన చేతి సంగటి తిన్న మనిషి దగ్గర పెద్దమ్మకు భయమెందుకుంటుంది? కొంగు నడుముకు చుట్టి మొదలుపెట్టింది. "అమ్మా, తిండికేం కొదవ ల్యా. బిడ్డలు బయటికి పొయ్యేదానికే చోటు ల్యా. ఆ కొండమీదికి పోవాల. తెల్లారకముందే, చీకట్లోనే, నేనే తోలకపోతా. రాళ్లు, పాములు, తేళ్లు. మొన్న వానకు ఒక బిడ్డ జారిపడి కాలు ఇరగ్గొట్టుకునె. సదువు నిలిచిపాయ. బంగారట్లాంటి బిడ్డమ్మా. పెద్దబిడ్డలు, మానంగా బతకాల గదా. నాలుగు కక్కసులు కట్టియ్యమ్మా, నీ కాళ్లు మొక్కుతా." చెప్తూ చెప్తూ కొండవైపు చెయ్యి చాపింది. కళ్లు తుడుచుకుంది.

నా వెనక హెడ్మిస్ట్రెస్ గారి ఊపిరి నాకు వినిపిస్తోంది. బల్ల మీది కాగితం కళ్లముందు ఆడింది. "తిండికి లోటు లేదట. పిల్లలంతా సుఖంగా ఉన్నారట. మీ ఆశీర్వాదం ఉంటే చాలునట" అన్నాను, శుద్ధమైన హిందీలో, ఒక్క లింగదోషం లేకుండా.

గవర్నరుగారు రాసుకోలేదు. నా ముఖంలోకి చూశారు. "ఇంతసేపు మాట్లాడింది కదా. కొండవైపు చూపించింది. ఏడ్చింది. అక్కడేముంది?" అని అడిగారు. అదే నాకు దేవుడిచ్చిన రెండో అవకాశం. కిటికీలోంచి కొండ కనిపిస్తోంది. ఎండకు ఎర్రపట్టెలూ తెల్లపట్టెలూ ధగధగలాడుతున్నాయి. నోటికి అదే వచ్చింది. "అమ్మవారు ఉన్నారు. పిల్లలంతా రోజూ తెల్లవారకముందే ఆయాతో పాటు కొండెక్కి దండం పెట్టుకుని వస్తారు. మొన్న ఒక పిల్ల చీకట్లో జారి కాలు విరగ్గొట్టుకుంది. అందుకే ఏడుస్తోంది." అబద్ధంలో పిడికెడు నిజం కలిపితే నిలబడుతుందని నాకు ఎవరూ నేర్పలేదు, దానంతటదే వచ్చింది.

ఆవిడ గబగబా రాసుకున్నారు. లేచి పెరట్లోకి వచ్చారు. చెప్పులు విడిచి, కళ్లు మూసుకుని, రెండు చేతులూ జోడించి కొండకు దండం పెట్టారు. ఎందుకో తెలియకపోయినా హెడ్మిస్ట్రెస్ గారు టక్కున చేతులు జోడించారు. వరండాలో నిలబడ్డ అరవై మంది పిల్లలకు ఒక్క క్షణం ఏం అర్థం కాలేదు. తర్వాత ఎవరో ఒకతి కిసుక్కుమంది. చేతులూ పమిటలూ నోళ్లకు అడ్డం వెళ్లాయి. రాష్ట్రానికి పెద్దావిడ వచ్చి తమ చెంబుల కొండకు మొక్కుతుంటే పిల్లలు నవ్వక ఏం చేస్తారు? "ఎందుకు నవ్వుతున్నారు?" అని అడిగారావిడ. మిమ్మల్ని చూసిన సంతోషం అన్నాను. ఆవిడా నవ్వారు. ఆ నిండైన నవ్వు ముందు నాకు తలెత్తాలనిపించలేదు.

సిగ్గుచేటైన సంగతి ఇంకొకటి ఉంది. హెడ్మిస్ట్రెస్ గారికి హిందీ రాదు. నేను ఆ రోజు పెద్దమ్మ మాటలు అక్షరం పొల్లుపోకుండా చెప్పి ఉన్నా అక్కడ ఎవరికీ తెలిసేది కాదు. ఇది నాకు ఆ సాయంత్రం జడ వేసుకుంటున్నప్పుడు తట్టింది. భయపడాల్సిన పనే లేని చోట భయపడ్డాను. పిరికితనంలో కూడా ఇంత తెలివితక్కువ పిరికితనం ఉంటుందా అని నన్ను నేను తిట్టుకున్నాను, తిట్టుకుని అన్నం తిన్నాను.

మర్నాటి నుంచీ పెద్దమ్మ నన్ను నెత్తిన పెట్టుకుంది. "ఎంత బాగా చెప్పినావు టీచరమ్మా! కొండ సాచ్చిగా కట్టిస్తానని ఆయమ్మ మొక్కినాది సూడు" అనేది. గవర్నరుగారి దండాన్ని ఆమె ప్రమాణం అనుకుంది. నాకోసం సీతాఫలాలు ఏరి బియ్యంలో మాగబెట్టేది. బావికి ఎగువన చోటు చూసి, నాలుగు గదులకు నాలుగు చదరాలుగా రాళ్లు పేర్చి గుర్తులు పెట్టింది. రోజూ చిమ్మేటప్పుడు ఆ రాళ్లను కదలకుండా చుట్టూ చిమ్మేది. కాలు విరిగిన పిల్ల ఇంటికి కూడా కబురు పంపింది, ఇంక భయంలేదు, కక్కసులొస్తుండాయి, బిడ్డను పంపండని.

రెండు నెలలకు నిజంగానే ఆర్డరు వచ్చింది. దాంతో పాటు నా పేరుమీద విడిగా ఒక ఉత్తరం, హిందీలో, ఆవిడ చేతిరాత. చీకట్లో కొండెక్కే పిల్లలను తను మరిచిపోలేదనీ, గుడిదాకా మెట్లూ పైన కరెంటు దీపమూ ఏర్పాటు చేయించాననీ, కాలు విరిగిన పాప తిరిగి బడికి వచ్చిందో లేదో నేను తప్పక రాయాలనీ ఉంది. ఎంతమంది గవర్నర్లు ఒక పల్లెటూరి పిల్ల కాలు గురించి అడుగుతారు? అడిగినావిడకు నేను జవాబు రాయలేదు.

ఓవర్సీరు టేపు పట్టుకుని వచ్చి "గుడి యాడుండాదప్పా?" అని వాచ్‌మన్‌ను అడిగాడు. వాచ్‌మన్ పట్టెలు చూపించాడు. ఓవర్సీరు పైదాకా ఎక్కి దిగి తల గోక్కున్నాడు. "ఆర్డర్లో గుడికి మెట్లని ఉండాది. పైన గుడి లేకుండా మెట్లు కడితే నా నౌకరీ ఊడుతుంది" అన్నాడు. ఊరిపెద్దలను పిలిచారు. గవర్నరే మొక్కిన కొండమీద అమ్మవారు లేదని చెప్పేంత ధైర్యం ఏ పెద్దకుంటుంది? లేదనలేదు సరికదా, తన తాత కలలో ఎప్పుడో కనిపించిందని ఒకాయన గుర్తుతెచ్చుకున్నాడు. మెట్లు వచ్చాయి. పైన చిన్న గుడి వచ్చింది. గుడిమీద తెల్లటి దీపం వచ్చింది. అమ్మవారిని నేను ఒక్క మాట అనను. పిలవని చోటికి ఆ తల్లిని తీసుకొచ్చింది నేను.

ఆ తర్వాత పెద్దలు బడికి వచ్చి, ఇంకమీద బిడ్డలు కొండమీద గలీజు చేస్తే ఊరుకునేది లేదని చెప్పిపోయారు. దీపం వెలుగు కొండ నాలుగు పక్కలా పడేది. దాక్కోవడానికి చీకటి కూడా మిగల్లేదు. పిల్లలు రైలుకట్ట దాటి చెరుకుతోటల్లోకి పోవాల్సి వచ్చింది, తోటలవాళ్లు కేకలేసేవాళ్లు. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయిన పెద్దపిల్లల్లో ఐదుగురు తిరిగి రాలేదు. కాలు విరిగిన పిల్లకు పెళ్లి కుదిరిందని కబురు వచ్చింది.

ఒకరోజు సాయంత్రం నేను నోటుబుక్కులు దిద్దుతుంటే పెద్దమ్మ వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత నెమ్మదిగా, "టీచరమ్మా, ఏమనుకోగాకు. ఆ పొద్దు నేను చెప్పింది చెప్పినట్లే చెప్పినావు గదా?" అని అడిగింది.

నేను ఎర్రసిరా కలం పట్టుకుని నోటుబుక్కు మీదనుంచి తలెత్తలేదు. "చెప్పాను పెద్దమ్మా" అన్నాను.

"అయితే ఆయమ్మకే మన బాధ పట్టలేదులే. పెద్దోళ్లంతా ఒగటే. నా చేతి సంగటి తినింది గదా, మరిచిపోదనుకుంటి" అని లేచిపోయింది. మర్నాడు బావి దగ్గర ఆ నాలుగు చదరాల రాళ్లు లేవు. పొయ్యి రాళ్లుగా పేర్చుకుంది.

ఒక మనిషి నోరు నొక్కేశాను, ఇంకో మనిషి మంచితనాన్ని మట్టిపాలు చేశాను. రెండూ ఒకే నాలుకతో. ఆ నెలాఖరుకే నేను పర్మనెంటు అయ్యాను. మరుసటి ఏడు తిరుపతికి బదిలీ చేయించుకుని వచ్చేశాను. గవర్నరుగారికి నిజం చెబుతూ నాలుగుసార్లు ఉత్తరం రాశాను. మొదటిసారి భాష బాగాలేదని చింపాను, రెండోసారి మరీ బాగుందని చింపాను. నాలుగోది కవరులో పెట్టి అంటించి, పోస్టుడబ్బా దాకా పోయి, రేపు వేద్దామని తెచ్చేశాను. కొన్నాళ్లకు రేడియోలో కొత్త గవర్నరు ప్రమాణస్వీకారం వార్త వచ్చింది. ఇంక రాసి ఏం లాభం అనుకున్నాను. లాభం లేదనుకోవడంలో ఎంత హాయి ఉందో! చాలా ఏళ్లకు ఆ హాస్టలుకు మరుగుదొడ్లు వచ్చాయని ఎవరో చెప్పారు. అప్పటికి పెద్దమ్మ లేదు. గవర్నరుగారి ఉత్తరం మాత్రం నా పెట్టెలో, పట్టుచీరల అడుగున ఇంకా ఉంది.

నిన్న ఎదురింటి కోడలు గిన్నెకోసం వచ్చింది. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, ఇదంతా చెప్పాను. గవర్నరుగారి ఉత్తరం తీసి చూపించాను. ఆ పిల్ల కళ్లు పెద్దవి చేసుకుని విన్నది, మధ్యలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, చివరికి ఘొల్లున నవ్వింది. "ఊరుకోండాంటీ, అమ్మవారి దగ్గర పరాచికాలు గాదు" అని లెంపలేసుకుంది. ఉత్తరం మాత్రం రెండు చేతులా తీసుకుని కళ్లకద్దుకుంది. "గుడోళ్లకియ్యండి ఆంటీ, పటం కట్టించి గర్భగుడి పక్కన పెట్టుకుంటారు. ఈ ఏడు గోపురానికి రంగులేస్తుండారు" అంది. నేను ఉత్తరం లాక్కున్నంత పని చేసి పెట్టెలో పెట్టాను.

ఆ పిల్ల వెళ్లాక పెట్టెకు తాళం వేశాను. కొన్నాళ్లు ఆగితే ఏ తప్పయినా పాతబడిపోతుందని నమ్మి ఇంతకాలం ఆగాను. నాది ఏటేటా కొత్తరంగు వేయించుకుంటోంది.